తొమ్మిది ఆల్బమ్‌లు, ఒక ఇంజను

జువ్వలదిన్నె,
జనవరి 12.

కృష్ణా,

ఈ ఏడాది బోణీ నాదే. షిల్లాంగ్ బ్యాండు 'టిన్ రూఫ్ కమిటీ' కొత్త ఆల్బమ్ ఈ నెల మూడున వచ్చింది. పేరు 'రెయిన్ గేజ్'. తొమ్మిది పాటలు, ముప్పై ఎనిమిది నిమిషాలు. మన నియమం ప్రకారం మొదటి నుంచి చివరిదాకా మూడుసార్లు విన్నాకే రాస్తున్నాను. ఒకసారి షెడ్డులో, ఒకసారి ఆదివారం చర్చి నుంచి వచ్చాక ఇంట్లో, ఒకసారి కావలి బస్సులో.

గిటార్లు ఇద్దరు వాయిస్తారు. ఒకతను స్వరాన్ని వదిలేలోపు రెండో అతను దాన్ని కింద నుంచి పట్టుకుంటాడు. బేస్ వాయించేది ఒక అమ్మాయి. నాలుగో పాటలో రెండు నిమిషాలు ఒకే స్వరం మీద నిలబడింది. చర్చిలో బేస్ వాయించే రోజుల్లో నేను అలా నిలబడలేక పాస్టరుగారి చేత తిట్లు తిన్నాను. వేళ్లు ఊరుకోవు.

అన్నిటికంటే నచ్చింది వేరే ఉంది. డ్రమ్మర్ సింబల్స్ వాడలేదు. తొమ్మిది పాటల్లో ఎక్కడా ఆ ఇత్తడి పళ్లేల మోత లేదు. తోలు, చెక్క, అంతే. రాక్‌లో ఈ సాహసం నేను ఇంతవరకు వినలేదు. పదికి తొమ్మిది.

నువ్వు మొన్న రెండుసార్లు ఫోన్ చేశావు. నా షెడ్డు సంగతి తెలుసు కదా, ఎప్పుడూ ఏదో ఒక బోటు ఇంజను తిరుగుతూనే ఉంటుంది. ఫోన్ ఎత్తలేను. హాస్టల్లో ముప్పై రెండేళ్ల కిందట పెట్టుకున్న పద్ధతే మంచిది: ఆల్బమ్ గురించి మాట్లాడకూడదు, రాయాలి. మాట్లాడితే గొంతు పెంచి నువ్వు గెలుస్తావు.

లాజరస్

సూళ్లూరుపేట,
జనవరి 29.

లాజరూ,

'రెయిన్ గేజ్' మూడుసార్లు విన్నాను. నీ ఉత్తరం పక్కన పెట్టుకుని నాలుగోసారి కూడా విన్నాను. మొదటి పాట పదకొండో సెకనులో సింబల్ మోగింది. చివరి పాటలో చివరి శబ్దం కూడా సింబలే, ఆరిపోవడానికి తొమ్మిది సెకన్లు పట్టింది. మొత్తం మీద ఎనిమిది పాటల్లో ఉన్నాయి. లేనిది ఆరో పాట ఒక్కటే, అందులో అసలు డ్రమ్సే లేవు.

నువ్వు విన్నది ఏ ఆల్బమ్‌రా? నీ ఉత్తరం చదివి మా ఇంట్లో పుష్పకుమారి ఒకటే నవ్వు. "లాజరన్న పాటలు వినలా, పక్కన పంపుసెట్టు పెట్టుకోని నిద్రపోయినాడు" అంది.

ఇక నా వంతు. పోయిన వారం పేపరు పని మీద చెన్నై వెళ్లాను. పోయేటప్పుడు, వచ్చేటప్పుడు రైల్లో విన్నది ఇంగ్లండ్ ముసలాళ్లు 'కోల్డ్ ఫోర్‌మెన్' ఆల్బమ్ 'లేట్ షిఫ్ట్'. పందొమ్మిదేళ్ల తర్వాత చేశారు. పాడే ఆయనకు అరవై ఎనిమిది. పాత గొంతు లేదు. పాటలన్నీ రెండు మెట్లు దించి పాడాడు. పైకి ఎక్కలేనని ఎక్కడా దాచలేదు, ఎక్కగలిగినట్టు కంప్యూటర్‌తో సరిచేయించుకోలేదు. దించిన చోట మాటలు స్పష్టంగా ఉన్నాయి. నాకు నచ్చిన కారణం అంతే. ఏడు.

విని రాయి. ఈసారి షెడ్డులో వినకు.

పెంచలకృష్ణ

జువ్వలదిన్నె,
మార్చి 2.

కృష్ణా,

సింబల్స్ సంగతి వదిలెయ్. షెడ్డులో స్పీకరు పాతది.

'లేట్ షిఫ్ట్' ఇంట్లోనే విన్నాను. నీకు తెలియనిది ఒకటి చెబుతాను. నాలుగో పాట తర్వాత బేస్ వాయించే మనిషి మారాడు. మొదటివాడు వేళ్లతో వాయిస్తాడు, స్వరం కాస్త ఆలస్యంగా పుడుతుంది. రెండోవాడు పిక్ బిళ్లతో గీస్తాడు, డ్రమ్ కంటే వెంట్రుకవాసి ముందు ఉంటాడు. కావాలంటే వివరాలు తీసి చూసుకో. పాటలు మాత్రం నువ్వు చెప్పినంత స్పష్టంగా లేవు. ముసలాయన 'స', 'ష', 'చ' అన్నీ మింగేస్తున్నాడు. నాకు సగం మాటలు అందలేదు. ఆరు.

నా కొత్తది చెన్నై వాళ్లది, 'ఎన్నూర్ లోకల్' బ్యాండు. ఆల్బమ్ పేరు 'మూడో ప్లాట్‌ఫాం'. డ్రమ్స్, బేస్ రెండే ముందుంటాయి, గిటారు వెనక ఎక్కడో నిలబడుతుంది. ఐదో పాట మధ్యలో అన్నీ ఆపేసి అర నిమిషం నిశ్శబ్దం పెట్టారు. నేను ఫోను ఆగిపోయిందనుకున్నాను. అంతలో బేస్ వచ్చింది. అర నిమిషం ఏమీ లేకుండా శ్రోతను కూర్చోబెట్టడం మాటలు కాదు. ఎనిమిదిన్నర.

అది వింటుంటే గంగులయ్య వచ్చాడు. పోయిన ఏడాది నీకు రొయ్యలు పంపాడే, అంకాలమ్మ మొగుడు. బోటు ఆమె పేరు మీద ఉంది, నడిపేది ఈయన.

"ఏందన్నా ఆ పాట, సెల్ఫు పట్టని ఇంజన్ మాదిరి ఉండాదే?" అన్నాడు.

"పట్టినాక బాగుంటాదిలే, కూర్చో" అన్నాను.

కూర్చున్నాడు. పాట అయ్యేదాకా ఉండి, "పట్టలేదన్నా" అని లేచిపోయాడు.

లాజరస్

సూళ్లూరుపేట,
ఏప్రిల్ 6.

లాజరూ,

నీ బేస్ మాట నిజం. ఆల్బమ్ వివరాలు తెప్పించి చూశాను. మొదటి నాలుగు పాటలు పాత మనిషి, తక్కినవి కొత్త మనిషి. ఆ ఆల్బమ్ మీద నేను చదివిన పన్నెండు సమీక్షల్లో ఒక్కదానిలో కూడా ఈ సంగతి లేదు. నేనూ గమనించలేదు.

అందుకే ఇది రాయడానికి నాలుగు రోజులు ఆలోచించాను.

'మూడో ప్లాట్‌ఫాం' ఐదో పాటలో నిశ్శబ్దం లేదు. ఆ అర నిమిషం ఒక మనిషి కాలికి గజ్జెలు కట్టుకుని అటు నుంచి ఇటు నడుస్తుంది. ముప్పై నాలుగు అడుగులు, లెక్కపెట్టాను. 'లేట్ షిఫ్ట్'లో ముసలాయన 'స', 'ష' చక్కగా పలికాడు. పుష్పకుమారికి వినిపించి మాటలు రాయమన్నాను, అన్నీ రాసింది. జనవరిలో సింబల్స్. మూడు తప్పులు, మూడూ ఒకే దిక్కున ఉన్నాయి. సన్నటి శబ్దాలు నీ దగ్గరికి రావడం లేదు. లావు శబ్దాలు నాకంటే నీకే బాగా తెలుస్తున్నాయి. ఫోను ఎత్తకపోవడం కూడా ఇందులోదేనని అనుకుంటున్నాను. ముప్పై ఏళ్లుగా వార్తలు రాస్తున్నాను. ఇలాంటివి మూడు కనపడితే నాలుగోది అడగడం అలవాటు.

పదిహేనో తేదీ నుంచి వేట నిషేధం. రెండు నెలలు బోట్లు ఒడ్డున ఉంటాయి. జూన్ పదిహేను తెల్లారి నువ్వు చెవి పెడతావు. పదకొండేళ్ల కిందట ఆదివారం పేజీకి ఆ కథనం రాసింది నేనే. పొడవాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవి పక్కన ఎముకకు ఆనించి వింటాడు. లాజరస్ తల ఊపేదాకా జువ్వలదిన్నెలో ఏ బోటు ముందూ టెంకాయ కొట్టరు. ఇందుకు ఆయన ఎవరి దగ్గరా ఏమీ తీసుకోడు అని రాశాను. ఆ బోట్ల మీద పోయే మనుషులు నిన్ను చూసి పోతారు.

నీకు ఎంతవరకు వినపడుతోంది?

కృష్ణ

జువ్వలదిన్నె,
ఏప్రిల్ 30.

కృష్ణా,

నవంబర్లో నెల్లూరు వెళ్లి పరీక్ష చేయించుకున్నాను. ఇంట్లో రెబెక్కమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నీకు కూడా చెప్పలేదు.

చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, శబ్దం వినపడగానే మీట నొక్కమన్నారు. చాలాసేపు ఏమీ రాలేదు. ఇంకా మొదలుపెట్టలేదేమోనని చూస్తూ కూర్చున్నాను. అద్దం అవతల ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. అప్పటికే పది శబ్దాలు అయిపోయాయట. కాగితం మీద గీత లావు శబ్దాల నుంచి మూడు వేల హెర్ట్జ్ దాకా బాగానే వచ్చి, అక్కడ నుంచి గోడ దిగినట్టు దిగింది. ఇరవై ఎనిమిదేళ్లు డీజిల్ ఇంజన్ల పక్కన నిలబడితే ఇంతేనన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు. చెవి మిషను పెట్టుకుంటే మనుషుల మాటలు కొంత తెలుస్తాయి, ఇంజను దగ్గర మాత్రం అది పనికిరాదు.

నీ ప్రశ్నకు జవాబు. రాడ్డు కొట్టుకోవడం, వాల్వు దెబ్బ, గేరు బాక్సులో గరగర: ఇవన్నీ లావు శబ్దాలు. ఎముకలోంచి వస్తాయి. నీ పన్నెండు మంది సమీక్షకులకు తెలియని బేస్ మార్పు నాకు తెలిసింది కదా. ఇదీ అంతే.

ఈ జూన్ గడవనివ్వు. ఎవరికీ చెప్పకు. వచ్చే ఏడాది నేనే మానుకుంటాను. తెల్లవారుజామున పదకొండు బోట్ల వాళ్లు వరసగా నిలబడి నా తలకాయ వైపు చూస్తారు. పెళ్లిలో కూడా నన్ను అంతమంది చూడలేదు.

ఈ నెల విన్నది అమెరికా ఆవిడ, మార్గో టెల్‌ఫోర్డ్. 'గ్రెయిన్ ఎలివేటర్' అని ఆల్బమ్. ఖాళీ ధాన్యపు గిడ్డంగిలో ఒక గిటారు, ఒక బేస్ పెట్టుకుని రికార్డు చేసింది. గోడలు ఎంత దూరంలో ఉన్నాయో వినపడుతుంది. ఒక్కటీ పోకుండా నాకు పూర్తిగా అందిన ఆల్బమ్ ఈ ఏడాది ఇదే. తొమ్మిదిన్నర. అందినందుకు ఎక్కువ వేశానేమో నువ్వు చూసి చెప్పు.

లాజరస్

సూళ్లూరుపేట,
మే 21.

లాజరూ,

'గ్రెయిన్ ఎలివేటర్'కి నేనైతే తొమ్మిది వేస్తాను. అర మార్కు తేడా నీ చెవి వల్ల కాదు, నీకు ముందు నుంచీ బేస్ పక్షపాతం.

ఇంజన్లో లావు శబ్దాల పట్టిక ఇచ్చావు. సన్నగా కీచుమనే భాగాలు ఏవీ లేవని మాత్రం రాయలేదు. ఉన్నాయని నాకు తెలుసు. ఇక్కడ ఒక మెకానిక్కును అడిగాను, నీ పేరు చెప్పకుండా. బేరింగులు, బెల్టులు అన్నాడు.

నేను ఎవరికీ చెప్పను. నువ్వు అడిగావు కాబట్టి చెప్పను. ఇది సరైన పని అని నేను అనడం లేదు. చెప్పడం నీ పని. కనీసం గంగులయ్యకు చెప్పు. లేదంటే ఆ రోజు చెవులు బాగున్న మనిషిని ఇంకొకరిని పక్కన పెట్టుకో, ఇద్దరూ వినండి. పరువు సగమే పోతుంది.

ఈ నెల నాది బెంగళూరు వాళ్ల 'శాంక్షన్డ్ ప్లాన్'. బ్యాండు పేరు 'ఔటర్ రింగ్', ముగ్గురే. ఒకరు ఒక గదిలో, ఇంకొకరు ఇంకో ఊళ్లో వాయించి అతికించారట. ఈ ఏడాది వచ్చిన వాటిలో సగం ఇలాగే తయారయ్యాయి. తప్పు లేదు, తాళం ఎక్కడా తప్పదు. కానీ ఒకడు తొందరపడితే ఇంకొకడు ఆగి చూసుకోవడం అనేది ఉండదు. ఒకరి మాట ఇంకొకరు వినకుండా కలిసి పాడిన ఆల్బమ్ అది. ఐదు.

కృష్ణ

జువ్వలదిన్నె,
జూన్ 16.

కృష్ణా,

అయిపోయింది. నిన్న తెల్లారి ఐదింటి నుంచి ఎనిమిదిన్నర దాకా పదకొండు బోట్లు విన్నాను. రెండు ఆపాను. ఒకదానికి వాల్వు సందు ఎక్కువ, ఒకదానికి గేరు బాక్సు. విప్పించి చూపించాను, రెండూ నిజం. తక్కిన తొమ్మిదింటికి తల ఊపాను. పక్కన ఎవరినీ పెట్టుకోలేదు.

గంగులయ్య బోటు చివరిది. నేను వింటుండగా ఆయన వంగి ఏదో అన్నాడు. ఇంజను మోతలో మాట తెలియలేదు. అప్పటికే ఎండెక్కింది, అంకాలమ్మ టెంకాయ పట్టుకుని నిలబడి ఉంది. తల ఊపాను.

వచ్చే ఏడాది మానుకుంటానన్న మాట మీదే ఉన్నాను.

'శాంక్షన్డ్ ప్లాన్' గురించి నువ్వన్నది ఒప్పుకుంటాను. కానీ ఒకటి గమనించావా? ఈ ఏడాది చాలా బ్యాండ్లు తీగలు దించి వాయిస్తున్నాయి. ఇరవై రెండు ఆల్బమ్‌లు విన్నాను, పద్నాలుగింటిలో గిటారు మామూలు కంటే కింద ఉంది. నా చెవికి కింది శబ్దాలే వస్తాయి కాబట్టి అలా అనిపిస్తోందా, నిజంగా ఉందా అని ట్యూనర్ పెట్టి చూశాను. నిజంగానే ఉంది.

లాజరస్

సూళ్లూరుపేట,
జూలై 1.

లాజరూ,

నీకు తెలిసినవే రాస్తున్నాను. ఒక దగ్గర పెట్టాలి కాబట్టి.

జూన్ 23 ఉదయం అంకాలమ్మ బోటు తీరానికి ఇరవై రెండు మైళ్ల దూరంలో ఆగిపోయింది. నీళ్ల పంపు బేరింగు విరిగింది. ఇంజనుకు చల్లనీళ్లు అందక, వేడెక్కి బిగుసుకుపోయింది. వేడెక్కిందని చూడబోయి, బోటులో పనిచేసే కామాక్షయ్య నీళ్ల ట్యాంకు మూత తిప్పాడు. ఆవిరి ఎగజిమ్మి కుడి చేయి మోచేతి దాకా కాలింది. బోటులో ఏడుగురు. ముప్పై ఒక్క గంటలు అలల మీద కొట్టుకుపోయారు. మర్నాడు మధ్యాహ్నం ఇంకో బోటు చూసి కట్టి లాక్కొచ్చింది. మంచినీళ్లు అంతకు నాలుగు గంటల ముందే అయిపోయాయి.

ఈ వార్త నేనే పంపాను. నాలుగు వాక్యాలు. 'సాంకేతిక లోపంతో' అని రాశాను. నాకు తెలిసింది అంతకంటే ఎక్కువ. రాయలేదు.

శనివారం కావలి ఆసుపత్రికి వెళ్లాను. కామాక్షయ్య నిద్రపోతున్నాడు. పక్కన గంగులయ్య ఉన్నాడు. ఇంజను ముందుగా ఏమైనా సూచన ఇచ్చిందా అని అడిగాను. ఆయన అన్నది అన్నట్టు రాస్తున్నాను:

"నిషేధం అయిపోయిన రోజే కీచుమంటా ఉండె సార్. లాజరన్నకి చెప్పినా. ఆయన విని తల ఊపినాడు. ఆ తర్వాత వారం దినాలూ కీచుమంటానే ఉండె. ఆయన తల ఊపినాక ఇంక నా చెవికేం పని?"

ఆయన వంగి చెప్పింది అదీ.

నిన్ను ఒక్కడినే తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. నాకు ఏప్రిల్ నుంచి తెలుసు. నేను అక్కడికి ఒక ఫోన్ చేసి ఉంటే ఆ బోటు ఆగేది. స్నేహితుడు అడిగాడని ఆగాను. ఆసుపత్రిలో ఆ మంచం పక్కన ఈ కారణం చెప్పుకుని చూశాను. బాగాలేదు.

ఈ నెల ఏ ఆల్బమూ వినలేదు.

కృష్ణ

జువ్వలదిన్నె,
జూలై 19.

కృష్ణా,

నీ ఉత్తరం వచ్చిన రోజే గంగులయ్య వాళ్లింటికి వెళ్లాను. నవంబరు కాగితం తీసుకుని వెళ్లాను. రెబెక్కమ్మ తోడు వస్తానంది, వద్దన్నాను. మళ్లీ ఆలోచించి రమ్మన్నాను. వాళ్లనే మాటలు నాకు సరిగా అందకపోతే ఎలా?

అంకాలమ్మ కాగితం చేతిలోకి తీసుకోలేదు.

"నాకు గీతలు చూపిస్తావేందన్నా, నోటితో చెప్పు" అంది.

చెప్పాను.

"నవంబర్లోనే తెలుసునా నీకు?"

"తెలుసు."

"తెలిసీ తల ఊపినావు."

"ఊపినా."

"ఆ బోటు మీద పోయినోళ్లు ఎంతమంది?"

"ఏడుమంది."

"పేర్లు చెప్పు."

ఆరు చెప్పాను. ఏడో మనిషి పేరు రాలేదు. ఆమె తొందర పెట్టలేదు. చీపురు పక్కన పెట్టి నిలబడింది. చివరికి ఆమే చెప్పింది: "ప్రసాదు. కొత్తోడు. ఇద్దరాడబిడ్డలు."

గంగులయ్య అంతసేపూ గోడకు ఆనుకుని ఉన్నాడు. ఆయన తిడతాడనుకున్నాను.

"నాకు వినపడిందన్నా. చెవులు బాగుండేది నాకే గదా. నేనెందుకు పోయినా? పోయింది నేను. ఆరుమందిని ఎక్కించుకోని పోయింది నేను" అన్నాడు.

"నువ్వు నోరు మూసుకో, ఆయన సంగతి అయినాక నీ సంగతి" అంది అంకాలమ్మ. రెబెక్కమ్మ ఇది నాకు రెండోసారి చెప్పాల్సి వచ్చింది. నవ్వొచ్చే మాటే. ఎవరూ నవ్వలేదు.

తర్వాత ఆసుపత్రికి వెళ్లి కామాక్షయ్యకు చెప్పాను. వేళ్లు కదులుతున్నాయి. వల లాగడానికి మూడు నెలలు పడుతుందట. ఆయన మొహం అటు తిప్పుకున్నాడు.

పోయిన ఆదివారం పదకొండు బోట్ల వాళ్లనీ షెడ్డుకు పిలిచాను. కాగితం గోడకు అంటించాను. ఇకమీదట చెవి పెట్టేది నేను కాదు, ఎవరి ఇంజను వాళ్లే వినాలి, ఎలా వినాలో నేను చూపిస్తాను అన్నాను. ఒకతను "అయితే నువ్వెందుకన్నా ఇంక?" అన్నాడు. తప్పుగా అనలేదు, తెలుసుకోవడానికే అడిగాడు. వినపడింది ఏంటో మీరు చెబితే అది ఏ భాగమో నేను చెబుతాను అన్నాను. కొందరు వెళ్లిపోయారు. ఐదుగురు ఉన్నారు.

నీ నాలుగు వాక్యాల సంగతి నువ్వు తేల్చుకో. నా పేరు రాయాలంటే రాసుకో.

లాజరస్

సూళ్లూరుపేట,
సెప్టెంబరు 10.

లాజరూ,

రాశాను. పదకొండేళ్ల కిందట రాసిన కథనానికి ఇప్పటి సంగతి చేర్చి, నీ పేరుతో, అంకాలమ్మ అనుమతితో, నాకు ముందే తెలిసి చెప్పలేదన్న వాక్యంతో సహా పంపాను. ఆదివారం పేజీ వాళ్లు నా వాక్యం తీసేశారు. రిపోర్టరు గురించి పాఠకుడికి ఎందుకు అన్నారు. తీసేస్తే కథనం వేయొద్దన్నాను. వేయలేదు. కాబట్టి ఆ వాక్యం నీకొక్కడికే అచ్చయింది.

ఆల్బమ్‌లు మళ్లీ మొదలుపెట్టాను. ఒక ఆలోచన చెబుతాను. నువ్వు వినే ప్రతి ఆల్బమ్‌కీ నీకు అందని శబ్దాలు ఎక్కడెక్కడ ఉన్నాయో నిమిషాలతో సహా రాసి పంపుతాను. దాన్ని పక్కన పెట్టుకుని విను. ఆరో పాట, రెండు నిమిషాల పది సెకన్లు, చిన్న గంట, ఇలా. కావాలా?

కృష్ణ

జువ్వలదిన్నె,
అక్టోబరు 4.

కృష్ణా,

వద్దు. నువ్వు చెప్పింది చదివి నేను విన్నాననుకుంటాను. ఒకసారి అలా తల ఊపాను, చాలు. నాకు అందినదానికే మార్కులు వేస్తాను. అందనిచోట ఖాళీ వదులుతాను. ఆ ఖాళీలో నువ్వు నీ మార్కు వేసుకో, నా దాంట్లో కలపకు.

మిషను పెట్టుకుంటున్నాను. ఇంట్లో రెబెక్కమ్మ మాట తెలుస్తోంది. సంగీతానికి పనికిరాదు, గిటారు రేకు డబ్బా మాదిరి ఉంటుంది. పాటలకు తీసేస్తాను.

కామాక్షయ్య సోమవారం బోటెక్కాడు. షెడ్డు ముందు నుంచి పోతూ ఆగలేదు.

లాజరస్

జువ్వలదిన్నె,
డిసెంబరు 24.

కృష్ణా,

ఏడాది జాబితా. ఎప్పుడూ పది ఉండాలి. ఈసారి తొమ్మిదే. విన్నవి నలభై ఒకటి. పదో చోటుకు పోటీపడ్డవి ఉన్నాయి కానీ, వాటిలో సగం నా దాకా రాలేదు. రానిదాన్ని గెలిపించలేను, ఓడించలేను.

మొదటిది 'గ్రెయిన్ ఎలివేటర్'. రెండోది 'మూడో ప్లాట్‌ఫాం', ఐదో పాట లెక్కలో లేకుండా. 'లేట్ షిఫ్ట్' నాలుగో చోట పెట్టాను, మార్చిలో ఆరు వేశాను కానీ ఇప్పుడు ఎనిమిది వేస్తున్నాను. ఆయన మింగేస్తున్నాడని రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను, అది ఆయన నోటి తప్పు కాదు. రెండు మెట్లు దించి పాడటం గురించి నువ్వు రాసింది అప్పట్లో నాకు ఎక్కలేదు. 'రెయిన్ గేజ్' ఏడోది. అందులో బేస్ అమ్మాయికి పదికి పది, ఆల్బమ్‌కు మార్కు లేదు. తక్కిన ఐదూ వెనక పేజీలో ఉన్నాయి.

మొత్తం మీద ఈ ఏడాది రాక్ గురించి నాకు తెలిసింది తక్కువ. గిటార్లు కిందికి దిగాయి. పాటలు చిన్నవయ్యాయి, నలభై ఒక్క ఆల్బమ్‌లలో ఐదు నిమిషాలు దాటిన పాటలు పదిహేడే. ఒకే గదిలో కూర్చుని వాయించినవాళ్లు తక్కువ, నా తొమ్మిదిలో ఆరు వాళ్లవే. ఇది చెవికి సంబంధించిన విషయం కాదు, వివరాలు చదివి లెక్కపెట్టాను.

ఇక్కడి సంగతి. వాయుగుండం హెచ్చరికతో తొమ్మిది రోజులు బోట్లు కట్టేశారు. మొన్న విప్పారు. తెల్లారి నేను షెడ్డుకు రాకముందే గంగులయ్య మనిషిని పంపాడు. వెళ్లాను. ఇంజను తిరుగుతోంది. స్క్రూడ్రైవర్ ఆయన చేతిలోనే ఉంది.

"ఉందన్నా, కీచు" అన్నాడు, నాకు అర్థమయ్యేలా మొహం దగ్గరగా పెట్టి.

నాకేమీ వినపడలేదు. ఇంజను చక్కగా ఉంది. జూన్ నెల అయితే తల ఊపేవాణ్ణి. కామాక్షయ్య, ప్రసాదు, తక్కినవాళ్లు వలలు ఎక్కించుకుని నిలబడ్డారు. తొమ్మిది రోజులుగా ఎవరికీ వేట లేదు. పక్క బోట్లు కదులుతున్నాయి.

"పోవద్దు, ఆపు" అన్నాను.

పంపు విప్పాను. బేరింగు కొత్తది, శుభ్రంగా ఉంది. కామాక్షయ్య నా చేతుల వైపే చూస్తున్నాడు. మళ్లీ బిగించి, తిప్పమని, ఎక్కడ నుంచి వస్తోందో వెతకమన్నాను. గంగులయ్య మొనను ఒక్కో చోట ఆనిస్తూ పోయాడు. బెల్టు దగ్గర చెయ్యెత్తాడు. వదులైంది. తొమ్మిది రోజుల వాన తేమకు జారుతోంది. బిగించడం పది నిమిషాల పని. మొత్తం గంటంపావు పోయింది.

మళ్లీ తిప్పాక, బోటు మీద ఉన్నవాళ్లు అలవాటు కొద్దీ నా వైపు చూశారు. ఒక్కరు తప్ప. గంగులయ్య వంగి, పిడి చెవికి ఆనించి, కళ్లు మూసుకుని రెండు నిమిషాలు విన్నాడు. లేచాడు. నా మొహం వైపు చూడలేదు. బోటు తీశాడు.

లాజరస్